తల తిప్పకూడని గంట

తల తిప్పకూడదన్నారు. తిప్పితే కెమెరా కంట్లో పడతాం, కెమెరా కంట్లో పడితే కాలేజీవాళ్ల నోట్లో పడతాం, ఆ తర్వాత ఈ మూడోసారి కూడా గోవిందా. అందుకని సినిమాహాలు ఆపరేటరు వెన్నులో గడకర్ర దిగేసినవాడిలా కూర్చున్నాడు. ముక్కు కొస దురద పెడుతోంది. గోక్కోవడం తప్పో కాదో నియమాల్లో రాయలేదు. రాసినవాటికంటే రాయనివాటికే ఎక్కువ భయపడాలని ఇంత బతుకు బతికి నేర్చుకున్నవాడు కనుక గోక్కోలేదు. ఎదురుగా అల్లుడి లాప్‌టాప్, అందులో ఎడమ మూల అగ్గిపెట్టెంత కిటికీ, ఆ కిటికీలో తన మొహం. తన మొహాన్ని తాను ఇంతసేపు ఎప్పుడూ చూసి ఎరగడు. గడ్డం గీసుకునేటప్పుడు కనిపించేది గడ్డమే గాని మొహం కాదు. ఎవడ్రా ఈ ముసలాడు, బుగ్గలు లోపలికి పోయి, చెవులు బయటికొచ్చి, సినిమాలో అయితే మొదటి రీల్లో మంచం మీద దగ్గుతూ ఏదో రహస్యం చెప్పబోయి చెప్పకుండానే పోయే తండ్రి వేషానికి సరిగ్గా సరిపోయేవాడు అనుకున్నాడు. అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వడం తప్పో కాదో తెలియక ఆ నవ్వును గుటకేశాడు. జన్మంతా వెలుతురుకి వెనకాల నిలబడ్డ మనిషి. గోడకున్న చిన్న కంతలోంచి అతను చూసిందల్లా తెర, తెరకీ తనకీ మధ్య జనం వెనక తలకాయలు. తెలిసినవాళ్లెవరైనా ఎదురుగా వస్తే గుర్తుపట్టడు. దాటిపోయి నాలుగడుగులు వేశాక వెనకనుంచి చూసి, ఓహో మీరా, అని కేకేస్తాడు. భార్యని కూడా మొదట వెనకనుంచే చూశాడనీ, జడ చూసి సరేనన్నాడనీ, మొహం సంగతి తర్వాత తీరిగ్గా చూసుకున్నాడనీ హాల్లో గేటు కీపర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. అలాంటివాణ్ని తెచ్చి వెలుతురుకి ఎదురుగా కూలేసి, నువ్వేం చూడొద్దు, మేమే నిన్ను చూస్తాం అంటే అతను మాత్రం ఏం చేస్తాడు, గుడ్లు మిటకరించి కూర్చోక.

మూడోసారి. ఆ ఆన్‌లైన్ కాలేజీవాళ్ల శాస్త్రంలో మనిషికి మూడే ప్రాణాలు. మూడూ పోతే వచ్చే ఏడు మళ్లీ మొదటినుంచి చేరాలి. వచ్చే ఏటికి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు. కుర్చీ అంటే సింహాసనమేం కాదు, ఆఫీసుల్లో గిరగిరా తిరిగే చక్రాల కుర్చీ. పాత హాలు పడగొట్టిన చోట కొత్తది లేస్తోంది, ఒక్క కప్పు కింద ఆరు హాళ్లు, ఆరింటికీ కలిపి ఒకటే గది, ఆ గదిలో ఒక కంప్యూటరు, కంప్యూటరు ముందు ఆ కుర్చీ. రీళ్లుండవు, పెట్టెలుండవు, వెలుతురుకి కాల్చే కార్బన్ పుల్లల మంటా వాసనా ఏమీ ఉండవు. అయినా అది క్యాబినే. గోడకి కంతలుంటాయి, కంతల్లోంచి చూస్తే చీకటి ఉంటుంది, చీకట్లో తలకాయలుంటాయి. అది చాలు. కొత్త హాలు మేనేజరు, మెడలో బిళ్ల వేలాడేసుకున్న అబ్బాయి, మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, మీరంటే నాకు గౌరవమే. మా నాన్న మీ హాల్లో సినిమాలు చూసే చెడిపోయాడట. కానీ పైవాళ్లు కాగితం అడుగుతారు. కంప్యూటరు పాసైనట్టు కాగితం తెండి, కుర్చీ మీది. లేదంటే కింద బండ్లు పెట్టేచోట టార్చి పట్టుకునే మనిషి కావాలి. మీకెలాగూ లైటు వెయ్యడం అలవాటేగా." ఆ అబ్బాయి హాస్యానికే అన్నాడు. హాస్యానికి అన్నమాటే రాత్రీ పగలూ చెవిలో జోరీగై కూర్చుంది. బండ్ల దగ్గర టార్చి. అంటే మళ్లీ అందరి మొహాల్లోకీ లైటు కొట్టడం, వాళ్లు కళ్లు చికిలించి తిట్టడం.

మౌసు ఏ రకమైన పరికరం, అని అడిగింది తెర. కింద నాలుగు జవాబులు, నాలుగూ పెద్దమనుషుల్లాగే ఉన్నాయి. ఇది తెలుసు. ఇది నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. లోపలికి పంపేది. నొక్కాడు. క్లాసు మొదలైన కొత్తలో ఈ మౌసే అతనికి చుక్కలు చూపించింది. రెండుసార్లు టకటకా నొక్కమంటే అతను ఒకసారి నొక్కి, నొక్కినందుకు లోపల ఏమైనా కదిలిందేమో చెవి ఒగ్గి విని, ఏం ప్రమాదం లేదని తేల్చుకుని రెండోసారి నొక్కేవాడు. క్యాబిన్లో పని అలాగే చెయ్యాలి మరి, తొందరపడితే ఫిల్ము కాలుతుంది. పాఠం చెప్పే మేడమ్ ఎంతో ఓర్పుగా, అంకుల్, మీ మొదటి క్లిక్కుకీ రెండో క్లిక్కుకీ మధ్యలో ఒక పెళ్లి చేసి పంపొచ్చు, అనేది. క్లాసంతా నవ్వేది. క్లాసంటే గదీ బెంచీలూ కాదు, పావురాల గూళ్లలా తెరంతా చిన్నచిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో మొహం. వినపడక చెయ్యి చెవి దగ్గర పెట్టుకునే రిటైరు నర్సు, గోడౌనులో బస్తాల మధ్యనుంచి గుసగుసగా మాట్లాడే గుమాస్తా, ఒళ్లో మనవరాలు కొంగు లాగుతుంటే ఏబీసీడీలు వెతుక్కునే పెద్దావిడ. ఇంకొకాయన ఉండేవాడు. ఆయన ఫోను బల్లమీద వెల్లకిలా పెట్టేవాడు, అందుకని ఆయన గడిలో ఎప్పుడూ తిరుగుతున్న సీలింగు ఫ్యానే. ఆయన మొహం ఎవరూ చూడలేదు. ఫ్యాను గారూ అర్థమైందా అంటే, అర్థమైంది మేడమ్ అని ఫ్యాను బదులు చెప్పేది. ఒకరోజు కరెంటు పోయి ఫ్యాను ఆగింది. క్లాసంతా గొల్లున, ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా అని పరామర్శించారు. ఆ ఫ్యాను మొదటిసారే పాసైపోయింది. అందరికీ చప్పట్ల బొమ్మ పంపింది. ఆపరేటరు ఆ రోజు అన్నం ముందు కూర్చుని, ఫ్యాను పాసైంది, నేను తప్పాను, అంటే భార్య పల్లెంలోకి చూస్తూ, ఫ్యాను కదండీ, కదలకుండా ఒక్కచోటే ఉండి పనిచేస్తుంది, మీలాగా ఊళ్లు తిరగదు, అంది. అతని బుర్ర సంగతి ఆవిడకి తెలుసు. అన్నం మీద చెయ్యి ఉంటుంది, మనసు మాత్రం ఎక్కడో ఏదో ఆటలో మూడో రీల్లో ఉంటుంది.

అది నిజమే, ఇప్పుడు కూడా చూడు, ఫైలు అంటే ఏమిటని ప్రశ్న ముందు కూర్చుని మొదటిసారి ఎలా తప్పాడో నెమరేస్తున్నాడు. అప్పుడూ ఇదే గది, ఇదే కుర్చీ. తెరమీద మొదలుపెట్టండి అని ఆకుపచ్చ బొత్తం. అతను మొదలుపెట్టలేదు. గంట కొట్టలేదు కదా. హాల్లో ఆట మొదలవ్వాలంటే మూడు గంటలు కొట్టాలి. మొదటి గంటకి జనం లోపలికొస్తారు, రెండో గంటకి తలుపులేస్తారు, మూడో గంటకి అతను లైట్లార్పుతాడు. ఎవరో ఒకరు గంట కొడితేనే గాని బొత్తం నొక్కకూడదని ఒంటికి పట్టిన చదువు. అందుకని చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. పైన గడియారం అంకెలు తరుగుతున్నాయి, అవి గంటకి ఇంకా ఎంతసేపుందో చెబుతున్నాయని సంతోషించాడు. సున్నా అయ్యాక గంట మోగుతుంది, నొక్కుదాం అని వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు. సున్నా అయింది. ధన్యవాదాలు అని వచ్చింది. ఏమీ రాయకుండా ధన్యవాదాలు చెప్పించుకున్నవాడు ఆ కాలేజీలో అతనొక్కడే అయి ఉంటాడు. ఫైలంటే సమాచారాన్ని దాచిపెట్టుకునేది, రెండో జవాబు, నొక్కాడు. ఈసారి బొత్తం కనపడగానే నొక్కాడు సుమా, ఆలస్యం చెయ్యలేదు. ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, తెలిసిన మొహాల్లాగే వస్తున్నాయి, కొన్ని వెనకనుంచి చూస్తే గాని గుర్తురావు, అయినా వస్తున్నాయి.

చెరిపేసిన ఫైలు ఎక్కడికి పోతుంది? చెత్తబుట్టలోకి. అక్కడినుంచి మళ్లీ తీసుకోవచ్చు. ఈ పాఠం చెప్పిన రోజు అతను చాలాసేపు ఆలోచించాడు. ఎంత మంచి ఏర్పాటు. పోయింది పోలేదు, పక్కన కూర్చుంది, పిలిస్తే వస్తుంది. మేడమ్‌ని అడిగాడు కూడా, ఏదైనా వస్తుందా మేడమ్ అని. బుట్ట ఖాళీ చెయ్యనంతవరకూ ఏదైనా వస్తుంది అంకుల్, అంది. పెద్దాపరేటరు వస్తాడా మరి. పెద్దాపరేటరంటే అతనికి పని నేర్పినవాడు, చెయ్యెత్తు మనిషి, నోరు విప్పితే కోటలు దాటించేవాడు. ఒకసారి క్లైమాక్సులో ఫిల్ము తెగితే, అతికించే టైము లేక, తెగిన రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని మిషను చుట్టూ రంగులరాట్నంలా పరిగెత్తి ఆట పూర్తి చేశాడట, జనానికి తెలియనే లేదట, హీరో గుర్రం కొంచెం ఆయాసపడినట్టు మాత్రం కనిపించిందట. ఇంకోసారి లెన్సు ముందు బల్లి పాకితే తెరమీద దాని నీడ ఏనుగంతై, ముందు బెంచీలవాళ్లు ఎవరో కొత్త విలన్ వచ్చాడని ఈలలేసి, బల్లి పోయాక ఆ విలనే కావాలని గొడవ చేశారట. మర్నాటినుంచి బల్లిని జీతానికి పెట్టుకున్నాం అనేవాడు. అబద్ధమని ఇతనికి తెలుసు, తెలిసే మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. కానీ ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పేవాడు. "రెండో మిషను సిద్ధంగా పెట్టుకోనివాడు ఆపరేటరు కాదురా, ప్రేక్షకుడు." హాల్లో పక్కపక్కనే రెండు మిషన్లు. ఒకదాంట్లో రీలు నడుస్తుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి, ఫిల్ము గేటు బిగించి, పుల్లలు సరిచేసి ఉంచాలి. మొదటిది అయిపోయే క్షణంలో రెండోది అందుకోవాలి. అతుకు జనానికి కనపడకూడదు. అతుకు కనపడితే చెప్పులు లేస్తాయి. పెద్దాపరేటరు ఇప్పుడు ఏ బుట్టలోనూ లేడు. బుట్ట ఎప్పుడో ఖాళీ చేసేశారు. హాలుని కూడా చేసేశారు, పెద్ద ఇనప చెయ్యి వచ్చి క్యాబిన్ గోడని ఊడబెరుకుతుంటే రోడ్డు మీద నిలబడి చూశాడు. కంప్యూటరయితే ఏదైనా మూసేముందు, దాచమంటారా వద్దా అని అడుగుతుంది. గోడల విషయంలో అలా అడిగే అలవాటు ఎవరికీ లేదు, అనుకున్నాడు. అనుకుని, ఇలాంటి డైలాగులు ఇంటర్వెల్ ముందు వస్తాయి, ముందు ప్రశ్న చూడరా, అని తనని తానే గదిమాడు.

చెత్తబుట్ట నొక్కాడు. తర్వాతది. తెరమీద గుండ్రంగా తిరిగేది కనిపిస్తే దానర్థం ఏమిటి? హమ్మయ్య, ఇది మాత్రం చచ్చినా మర్చిపోడు, ఎందుకంటే రెండోసారి అతన్ని చంపింది ఇదే. సగం పరీక్ష బాగానే రాశాడు, రాస్తుండగా తెర మధ్యలో చిన్న చక్రం ప్రత్యక్షమైంది. తిరుగుతోంది. చూశాడు. అందంగా, ఒకే వేగంతో, కుదుపు లేకుండా తిరుగుతోంది. జన్మంతా చక్రాలు తిరుగుతుంటేనే ప్రాణం కుదుటపడ్డ మనిషి. తిరుగుతోందంటే నడుస్తోందన్నమాట, ఆగితే కదా భయం. అల్లుడు మంచి మిషనే ఇచ్చాడు అనుకుని, చప్పుడు కూడా లేదే, నూనె బాగా వేశాడులా ఉంది అని మెచ్చుకుని, చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. అలా చూస్తుంటే మనసుకి ఎంతో హాయిగా కూడా ఉంది. టైము అయిపోయాక గాని తెలియలేదు, ఆ తిరగడం ఆగిపోయినందుకు తిరగడమని. అల్లుడు ఫోనులో, మావయ్యగారూ, అది తిరుగుతోందంటే పని జరగట్లేదని అర్థం, అన్నాడు జాలిగా. ఆ మాట అతనికి ఇప్పటికీ మింగుడు పడదు. తిరిగేది పని చెయ్యకపోవడమేమిటి. అలాంటి లోకంలోకి వచ్చి పడ్డాం మరి. వేచి ఉండమని అర్థం, మూడో జవాబు. నొక్కాడు.

అందుకే ఈసారి కుడిచేతి పక్కన రెండో మిషను పెట్టుకున్నాడు. పక్కవాటాలో బ్యూటీ పార్లరు నడిపే అమ్మాయిది, భార్య వెళ్లి బతిమాలి తెచ్చింది. కెమెరాకి అందనంత పక్కగా స్టూలు మీద, సరిగ్గా హాల్లో రెండో మిషను ఉండే దూరంలో, ఉండే ఎత్తులో. దాంట్లో కూడా పరీక్ష గుమ్మం దాకా వెళ్లి, పేరూ రహస్య పదమూ అన్నీ కొట్టి ఉంచాడు. ఇక వేలు పడటమే తరువాయి. ఆఖరి క్లాసులో మేడమ్ చెప్పింది, ఒక మనిషికి ఒకటే మిషను, మధ్యలో ఇంకోదాంట్లో తెరిస్తే మొదటిది మూసుకుపోతుంది, పరీక్ష అక్కడితో సరి అని. విన్నాడు. అర్థమైంది కూడా. మొదటిది ఆగిపోతే ఎలాగూ పోయినట్టే కదా, అప్పుడు రెండోది నొక్కితే వచ్చే నష్టమేమిటి, బతికితే బతుకుతుంది. ఇది అడ్డగోలు వాదన అనడానికి లేదు, ఆపరేటరు వాదన. స్టూలు సర్దుతుంటే భార్య గుమ్మంలో నిలబడి చూసి, "అన్నిటికీ రెండోది పెట్టుకున్నారు, నన్నొక్కదాన్నే నమ్ముకున్నారు పాపం," అంది. "నువ్వు ఎప్పుడైనా ఆగితే కదా," అన్నాడు. ఆవిడ కిసుక్కున నవ్వి, వాకిట్లోకి వెళ్లి, ఎవరూ లోపలికి రాకుండా బయట గొళ్లెం పెట్టి, గుమ్మం ముందు పీట వేసుకు కూర్చుంది. కూరల బండివాణ్ని చేత్తోనే పొమ్మంది. పక్కవాటా కుక్కని కూడా ఊరుకోమని బతిమాలుతోంది, వినపడుతోంది. ఆవిడ తన మొగుడి సినిమా ఒక్కటీ పూర్తిగా చూడలేదు. తీసుకెళితే క్యాబిన్లో స్టూలు మీద కూర్చుని, మిషను చప్పుడికి రెండో రీల్లో నిద్రపోయేది. ఇంటికొచ్చేటప్పుడు కథేమిటని అడిగేది. దారంతా చెప్పేవాడు. చెప్పిన కథకీ సినిమాకీ సంబంధం ఉండేది కాదని ఆవిడకి తెలియదనుకునేవాడు.

ఆఖరి భాగం, చేతి పని. ఒక ఫోల్డరు తెరిచి, దానికి మీ పేరు పెట్టి, ఒక ఆఫీసుకి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి అందులో దాచండి. ఇదే కొండ. ఈ కొండ ఎక్కితే అవతల కుర్చీ. చెయ్యి మాట వింది. కుడిబొత్తం, కొత్తది, ఫోల్డరు. వచ్చింది, పచ్చగా, బుజ్జి సంచిలాగా. పేరు కొట్టాడు, ఒక్కో అక్షరం వేలితో పొడిచి. ఎవరికి రాయాలి. మేనేజరు అబ్బాయికే రాద్దాం. అయ్యా, నాకు పని వచ్చు. మిషను ఏదైనా చీకటి ఒకటే. జనం ఎప్పుడు నవ్వుతారో, ఎప్పుడు దగ్గుతారో, ఎక్కడ లేచి బయటికి పోతారో నాకు తలకాయలు చూస్తే తెలుస్తుంది. దయచేసి ఆ గదిలో ఉండనివ్వండి. నాలుగయ్యాయి. చదువుకున్నాడు. ఉత్తరం బాగానే ఉంది, కొంచెం ఏడుపుగొట్టుగా ఉంది, ఉండనీ, మార్కులు ఏడుపుకి కాదు కదా. దాచు అన్నచోట నొక్కాడు. ఎక్కడ దాచమంటారు అంది, చూపించాడు. దాచింది. దాచేసింది. మొదటినుంచి ఒక్కటీ తప్పలేదని అతనికే తెలుస్తోంది. ఇక మిగిలింది ఒకే ఒక్క పని, అప్పగించండి అని ఒక బొత్తం, దాన్ని నొక్కడం. దాని మీదికి బాణం గుర్తు తీసుకెళుతున్నాడు. తొందరపడకుండా, మెల్లగా. తీసుకెళుతూ మనసు అప్పుడే ఆ కుర్చీలో కూర్చుంది, ఆరు కంతల్లోంచీ ఆరు చీకట్లు, ఇవాళ ఏ హాల్లో ఎవరున్నారో చూద్దామని వంగింది.

తెర కుడి పైమూల ఒక చుక్క పడింది. ఎర్రగా, గుండ్రంగా, పడి మాయమైంది.

ఇది ఈసారే కొత్తగా పెట్టారు. అప్పుడప్పుడూ కెమెరా ఫోటో తీసుకుంటుందనీ, తీసుకునేటప్పుడు మూలలో చుక్క వెలుగుతుందనీ, కంగారుపడొద్దనీ పొద్దున వచ్చిన సందేశంలో ఉంది. అల్లుడు చదివి వినిపించాడు కూడా. చెప్పింది తలకి. చేతికి ఎవరూ చెప్పలేదు. చేతికి తెలిసిందల్లా ఒకటే, పని నేర్చుకున్న మొదటి రోజునుంచి ఆటకి ఇన్నిసార్లని, రోజుకి ఇన్ని ఆటలని ఎముకల్లో ఇంకిపోయింది: రీలు అయిపోవచ్చే ముందు తెర కుడి పైమూల ఒక చుక్క పడుతుంది. జనంలో ఎవరికీ కనపడదు, ఆపరేటరుకి తప్ప. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి. రెండో చుక్కకి మార్చెయ్యాలి. మధ్యలో ఒక్క ఊపిరి. జ్వరంలో కూడా తప్పలేదు, కూతురు పుట్టిందని కబురొచ్చిన ఆటలో కూడా తప్పలేదు, ఆ ఆట అయ్యాకే ఆస్పత్రికి పరిగెత్తాడు. మొదటి చుక్కకి అతని కుడిచెయ్యి మౌసు వదిలేసి పక్కకి వెళ్లింది. తల తిరగలేదు. అంత ఒడుపుగా వెళ్లింది. కళ్లు తెరమీదే, మొహం కెమెరాకి ఎదురుగానే, నియమాల ప్రకారమే ఉన్నాడు. చెయ్యి మాత్రం చీకట్లో వెతుక్కున్నట్టు స్టూలు వెతుక్కుని, చూడకుండానే సరిగ్గా బొత్తం మీదికి చేరి, అక్కడ ఆగింది. ఊపిరి బిగబట్టింది. తల ఏదో చెప్పబోయింది, ఒరేయ్, అని మొదలుపెట్టింది కూడా. రెండో చుక్క పడింది. వేలు దిగింది.

ఎంత చక్కటి మార్పు. అతుకు ఎవరికీ కనపడి ఉండదు. పెద్దాపరేటరు చూసుంటే భుజం చరిచి ఉండేవాడు. ఎదురుగా ఉన్న తెర ఒక్క క్షణం తెల్లబోయి, మీ పరీక్ష మరోచోట తెరిచారు, ఇక్కడ ముగిసింది, అంది. ఉత్తరం లేదు, పచ్చటి సంచి లేదు. కుడిపక్క తెర వైపు అతను అప్పటికీ తల తిప్పలేదు, ఓరకంట చూశాడు. నియమం అతిక్రమించారు, మీ అవకాశాలన్నీ పూర్తయ్యాయి, అని ఉంది అక్కడ. చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాడు, రాలేదు. చేతిని ఏమని తిడతాడు. అది దాని పని చేసింది, ఎప్పుడూ చేసినట్టే చేసింది, అందరికంటే ముందు చేసింది. మేడమ్‌కి ఫోను చేసి చెబితే, ఇలా చుక్క కనపడిందండీ, చెయ్యి వెళ్లిందండీ అంటే, ఏ కాలేజీ పుస్తకంలో ఉంటుంది ఈ తప్పు. అల్లుడు మళ్లీ జాలిగా మాట్లాడతాడు. మేనేజరు అబ్బాయి పాపం మంచివాడే, టార్చికి కొత్త బ్యాటరీలు వేసి ఇస్తాడు. రాత్రి ఆట వదిలాక జనం బయటికొస్తారు, ఇన్నాళ్లూ చూడని మొహాలన్నీ ఎదురుగా, సినిమా ఎలా ఉందో ఆ మొహాల్లో చూసుకోవాల్సిందే, లోపల ఏం జరిగిందో తెలియదు. తెరమీద ఇంకో కిటికీ తెరుచుకుంది. ఈ పరీక్ష మీకెలా అనిపించింది, అని అయిదు నక్షత్రాలు వరసగా పెట్టి, ఎన్ని ఇస్తారో ఇవ్వమంది. మూలనున్న చిన్న కిటికీలో ముసలాడు ఇంకా అలాగే నిటారుగా ఉన్నాడు. కెమెరా ఎందుకో ఆగలేదు. లేకపోతే ఆగిపోయే ముందు పట్టిన బొమ్మే నిలిచిపోయిందో. కనురెప్ప వేసి చూశాడు. బొమ్మ కూడా వేసింది.

బయట ఎవరో వచ్చినట్టున్నారు. పార్లరు అమ్మాయి గొంతు, ఇంకా ఎంతసేపు ఆంటీ, నా మిషను పనుంది అంటోంది. భార్య లేచి నాలుగడుగులు ఎదురెళ్లినట్టు చెప్పుల చప్పుడు. "ఇంకాస్సేపమ్మా, నీకు పుణ్యముంటుంది," అంది ఆవిడ బాగా గొంతు తగ్గించి. తగ్గించినా ఆ మధ్యాహ్నం నిశ్శబ్దంలో గోడలోంచి వినపడుతూనే ఉంది. "ఈసారి ఆగకుండా కొడుతున్నారు. పోయినసారి ఎప్పుడో చప్పుడు ఆగిపోయింది, నాకు అప్పుడే తెలిసింది. మొదటిసారైతే అసలు చప్పుడే లేదు. ఇవాళ వర్షం పడినట్టు పడుతోంది. పాసైపోతారు." పార్లరు అమ్మాయి సరే అంటూ ఏదో అంది, నవ్వింది. తర్వాత ఆవిడ ఇటు తిరిగినట్టుంది, పీట జరిగింది, ఏమీ వినపడలేదు. చెవి ఒగ్గింది కాబోలు. ఆ చెవి ఇప్పుడు తలుపుకి ఎంత దగ్గర్లో ఉందో అతనికి తెలుసు, మధ్యలో చెక్క మందం తప్ప ఏమీ లేదు. గొళ్లెం ఆవిడ చేతిలో ఉంది. అతను పిలిస్తే తీస్తుంది. తీసి, మొహం చూస్తుంది. పరీక్షకి పెట్టిన గంటలో ఇంకా కొంచెం మిగిలే ఉంది.

హాల్లో ఫిల్ము కాలిపోయిన రోజుల్లో కూడా లైట్లు వెయ్యనంతసేపూ జనం లేవరు. చీకట్లో అలాగే కూర్చుంటారు. ఒకడు ఈలేస్తాడు, ఒకడు పిల్లని సముదాయిస్తాడు, ఎవరూ బయటికి పోరు. అతను ఒళ్లోంచి చేతులు తీశాడు. తెరమీద నక్షత్రాలు అలాగే ఉన్నాయి, వాటినేం ముట్టుకోలేదు. మీటల మీద వేళ్లు పెట్టి, ఏ అక్షరమన్నది చూసుకోకుండా, కొట్టడం మొదలుపెట్టాడు. ఒక వాక్యమంతసేపు కొట్టి, ఆలోచించుకున్నట్టు కాస్త ఆగి, మళ్లీ కొట్టాడు. తలుపవతల పీట చిన్నగా కిర్రుమంది, ఆవిడ హాయిగా జారగిలబడినట్టుంది. కుక్క మొరగబోతే, ఉష్, అంది. అతను తల తిప్పలేదు. కొడుతూనే ఉన్నాడు.